తెల్లబొట్టు

మా ఊరి చర్చి ఎంతుండేదంటే, వెనక కూర్చున్నవాడు తుమ్మితే ముందు కూర్చున్నవాడు తల తుడుచుకునేవాడు. చుట్టూ రాతిగోడలు, పైన రేకులు. కంబదూరు దాటాక బస్సు దిగి ఎర్రమట్టి దారిలో నడిచి రావాలి. ఎండాకాలంలో ఆ రేకుల కింద ఆరాధనకు కూర్చున్నవాళ్ళకి నరకం గురించి విడిగా ప్రసంగం చెయ్యాల్సిన పని ఉండేది కాదు.

అయ్యగారు అనంతపురంలో ఉండేవారు. నెలకోసారి బస్సులో వచ్చి, వాక్యం చెప్పి, ప్రభురాత్రి భోజనం ఇచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ సంఘం మా సంఘపెద్ద చేతిలో ఉండేది. వరసకు నాకు మామ. నేను ఆట పట్టించడానికీ, ఆయన నన్ను తిట్టడానికీ ఆ వరస బాగా కలిసొచ్చింది.

మామ తెల్లటి మనిషి. రంగు సంగతి కాదు, బట్టల సంగతి. తెల్ల పంచె, నిండు చేతుల తెల్ల చొక్కా, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దిన మడతలు. మేమందరం చర్చికి వచ్చేసరికి మోకాళ్ళదాకా ఎర్రగా ఉండేవాళ్ళం. ఆయన అదే దారిలో నడిచొచ్చినా ఒక మరక ఉండేది కాదు. దుమ్ము కూడా ఆయనకి భయపడేదని నా అనుమానం.

ఆదివారం పొద్దున ఆయన గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళని తల నుంచి కాలిదాకా ఒకసారి చూసేవాడు. తలలో పూలుంటే ఆడమనిషి భక్తి తగ్గింది. మీసం మెలి తిరిగితే మగవాడి మనసు తిరిగింది. నా సంగతి వేరే చెప్పాలా? అప్పట్లో బెల్‌బాటమ్ ప్యాంట్ల కాలం. కళ్యాణదుర్గంలో కుట్టించుకున్న నా ప్యాంటు ఒక్కో కాలులో ఒక్కో మేకపిల్ల దూరేంత వెడల్పు. జుట్టు చెవులు దాటి భుజాలని పలకరించేది. “నువ్వు వచ్చేదానికి ముందే నీ ప్యాంటు వస్తాందిరా” అనేవాడు మామ. చర్చి ఊడ్చే పని తప్పుతుందిగదా మామా అని నేను అనేవాణ్ణి.

నన్ను బయటికి పంపాలని ఆయనకి చాలా ఉండేది. కానీ సంఘంలో డోలక్ వాయించేది నేనొక్కణ్ణే. నేను లేని ఆదివారం ఆడవాళ్ళు ఒక చరణంలో, మగవాళ్ళు ఇంకో చరణంలో ఉండేవాళ్ళు. అందుకని నా పాపాలన్నీ తాళం కింద కొట్టుకుపోయేవి. ఆరో తరగతిలో నేనూ బడీ మాట్లాడుకుని విడిపోయాం. ఆ తర్వాత బస్సు ఆగేచోట సైకిల్ షాపు పెట్టుకున్నాను. చదువు లేనివాడికి డోలక్ కూడా రాకపోతే ఎంత కష్టమో నాకు అప్పుడే అర్థమైంది.

దేవుడు మనిషి పైపై చూడడు, గుండె చూస్తాడని అయ్యగారు వచ్చినప్పుడల్లా చెప్పేవారు. మామ అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. తర్వాత ఆలోచిస్తే నాకు తోచిందేమంటే, వాళ్ళిద్దరూ పని పంచుకున్నారు. లోపల చూసే పని దేవుడిది, బయట చూసే పని మామది.

ఇట్లాంటి సంఘంలోకి మా జేజి బాప్తిస్మం కావాలని బయలుదేరింది.

జేజి అంటే మా నాయన తల్లి. మా నాయనా, ఆయన వెంట మేమూ ఎప్పుడో బాప్తిస్మం తీసుకున్నాం. తాత చివరి కాలంలో తీసుకున్నాడు. జేజి మాత్రం చర్చికి వచ్చేది, పాటలు పాడేది, వంటింట్లో గిన్నెలు తోముతూ యేసయ్యతో పక్కింటాయనతో మాట్లాడినట్టు మాట్లాడేది, కానీ నీళ్ళలోకి దిగమంటే మాత్రం చూద్దాంలే అనేది. తాత పోయిన ఏడాది ఆమెకి ఒక సంగతి తెలిసింది. గుట్ట వెనక మా సంఘానికి సమాధుల తోట ఉంది. తోట అని పేరేగాని జిల్లేడు తప్ప ఏ మొక్కా ఉండదు. అందులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళనే పెడతారు. తాత అక్కడున్నాడు. ఆయన పక్కన జాగా ఖాళీగా ఉంది. జేజి అట్లాగే పోతే ఆమెని ఊరి అవతల వంకలో పూడ్చాలి.

“ఆయప్పను ఆడ ఒక్కణ్ణే పండబెట్టి నేను వంకలో యట్ల పండుకుంటానప్పా?” అని ఆమె మామని అడిగింది. నవ్వుతూ అడగలేదు. మా జేజి నవ్వకుండా మాట్లాడటం నేను చూసింది తక్కువ.

మామ ఆమెని తల నుంచి కాలిదాకా చూశాడు. తెల్లచీర బాగుంది. చేతులు బోసిగా ఉన్నాయి. తలలో పూలు లేవు. చూపు నుదుటి దగ్గర ఆగిపోయింది.

అక్కడ పచ్చబొట్టు ఉంది.

ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు పొడిచిన బొట్టది. సూదులు కట్టగట్టి, దీపం మసీ ఆకుపసరూ కలిపి పొడిచే ఆడమనిషి ఊరికి వస్తే, జేజిని వాళ్ళమ్మ మోకాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుందట. అరిచిన అరుపుకి పొరుగూరి కుక్కలు మొరిగాయని జేజి గొప్పగా చెప్పుకునేది. తాత పోయాక ఊళ్ళో ఆడవాళ్ళు, మొగుడు పోయినా బొట్టు పోలేదని ఎత్తిపొడిచేవాళ్ళు. ఇప్పుడు చర్చి వంతు వచ్చింది. బొట్టు పెట్టుకున్నవాళ్ళకి బాప్తిస్మం లేదు, అది సంఘం పద్ధతి. కుంకుమకైతే తుడుచుకోమంటారు. దీనికి ఏం చెప్పాలో పద్ధతిలో రాయలేదు.

మామ మాత్రం పద్ధతి పద్ధతేనన్నాడు. పొడిచిందైనా పెట్టిందైనా చూసేవాళ్ళకి బొట్టేగదా అన్నాడు. సంఘంలో ఆడవాళ్ళు ఒకళ్ళిద్దరు సలహా ఇస్తే జేజి పాపం చాకలిసోడా రుద్దింది, కిరసనాయిలు రాసింది, కాళ్ళ పగుళ్ళకి వాడే గరుకురాయితో తోమింది. చుట్టూ చర్మం కందిపోయింది. బొట్టు మాత్రం తోమిన రాగిచెంబులా ఇంకా మెరిసింది.

నాకు కడుపు మండింది. నాకు కడుపు మండితే నోట్లో నుంచి హాస్యమే వస్తుంది. ఆదివారం అందరి ముందూ, “తోమి తోమి ఎముక బయటపడతాది మామా, దానిమీద ఒక ప్లాస్టరు ఏస్తే పోలేదా, దేవునికి కనపడకుండా” అన్నాను.

నలుగురూ నవ్వారు. మామ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, మాట బాగుందిరా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నా మాటతో ఏకీభవించడం అదే మొదలు. నాకు భయమేసింది.

అట్లా మా జేజి నుదుటికి ప్లాస్టరు వచ్చింది. కంబదూరులో కాంపౌండరు దగ్గర తెచ్చిన తెల్లటి ప్లాస్టరు, నలుచదరంగా కత్తిరించి అతికించేవాళ్ళం. బాప్తిస్మం దాకా తీయకూడదని మామ మాట. మా ఎండకి అది నిలిచేదా? పాట పెద్దదైతే చెమటకి ఒక పక్క లేచి కిటికీ రెక్కలా ఊగేది. జేజి కళ్ళు మూసుకునే బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కేది. నేను తాళం తప్పేవాణ్ణి.

ఊళ్ళో అడిగినవాళ్ళకి ఆమె రోజుకో కథ చెప్పేది. ఒకరికి పొట్టేలు పొడిచిందని, ఇంకొకరికి గడప తగిలిందని. రెడ్డిగారి భార్య అడిగితే మాత్రం, “లోపల యేసయ్య ఉండాడు తల్లీ, బయటికి పోకుండా మూత పెట్టినారు” అందట. మానని దెబ్బ ఏం దెబ్బని ఊరంతా తలలు పట్టుకుంది. కొట్టింది మామేనని ఒక మాట పుట్టింది. అది చెవిన పడ్డాక తెల్లబట్టల మామ రెండు ఆదివారాలు ఎవరి ముఖమూ చూడలేదు.

ఇదంతా ఇట్లా నడుస్తుండగా, పక్క పల్లె నుంచి ఇద్దరు తోడికోడళ్ళు మా చర్చికి వచ్చారు. జేజితో కలిసి చెనిక్కాయలు వొలిచే పనికి పోయే మనుషులు. ఆమె పనిలో పాడే పాటలు విని, చెప్పే మాటలు విని, మేమూ వస్తామని బయలుదేరారు. శుభ్రంగా తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరి నుదుటి మీదా ప్లాస్టర్లు.

మామ కంగారు పడ్డాడు. దారిలో పడ్డారేమో అనుకున్నాడు. “ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా?” అన్నాడు.

పెద్దామె ఆశ్చర్యంగా చూసింది. “దెబ్బేంది సామీ? బొట్టు తీసేసి ఇది పెట్టుకున్నాం. మీ దాంట్లో ఇదే గదా పెట్టుకునేది?”

చిన్నామె ప్లాస్టరు గుండ్రంగా ఉంది. అది మామ గమనించాడని ఆమెకి సిగ్గు వేసింది. “నలుచదరం నా మొగానికి బాగలేదు సామీ, రూపాయి బిళ్ళ పెట్టి కత్తిరించుకున్న్యా. గుండ్రంది పెట్టుకోకూడదా?”

నేను డోలక్ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పెద్దామె ఇంకో సందేహం కూడా అప్పుడే తీర్చుకోవాలనుకుంది.

“మొగుడు పోతే ఇది తీసేయల్లా సామీ, ఉంచుకోవచ్చునా?”

చర్చిలో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాటే, కానీ మామ ముఖం చూస్తే నవ్వు రాలేదు. ఆయన బొట్టు తీయించాలని చూశాడు. తీయించిన చోటే ఇంకో బొట్టు లేచింది. తన బట్టల్లా తెల్లటిది. మీకు ఇది అక్కర్లేదమ్మా, తీసేయండి అని మెల్లగా చెప్పాడు. వాళ్ళు తీసేసి, జేజి వైపు చూసి, ఆమెకి మాత్రం ఎందుకని అడిగారు. ఆ రోజు ఆయన పాట ముందుగానే ఎత్తుకోమన్నాడు.

ఆ వారంలో మామ సైకిల్ తోసుకుంటూ నా షాపుకి వచ్చాడు. చక్రాలు రెండూ గట్టిగానే ఉన్నాయి. నూనె డబ్బాలూ పాత ట్యూబులూ తప్ప కూర్చునే చోటు లేని షాపులో, పంచె ఎత్తిపట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

“ప్లాస్టరు మాట నువ్వు ఎగతాళికి చెప్పినావా?”

“అవును మామా.”

“నేను నిజమనుకుంటిరా” అన్నాడు.

తిడతాడేమో అనుకుంటే తిట్టలేదు. అయితే తీసేద్దామా అని అడిగాను. అప్పుడు మళ్ళీ పాత మామ తిరిగొచ్చాడు. ఈసారి బాప్తిస్మం మన ఊళ్ళో కాదు, అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువులో, నాలుగు సంఘాలు కలిసి వస్తాయి, టౌను పెద్దలు ఉంటారు, బొట్టున్న మనిషిని తెచ్చినామంటే మన సంఘాన్ని ఏమనుకుంటారు, ఆ ఒక్కరోజు కానీ, తర్వాత ఆమే పీకేసుకోనీ అన్నాడు.

చెరువు దాకా ఎందుకంటే మా ఊళ్ళో నీళ్ళు లేవు. వరసగా వానలు ముఖం చాటేశాయి. చర్చి బావిలో మిగిలిన నీళ్ళు కప్పకి బాప్తిస్మం ఇవ్వడానికి కూడా చాలవు. అందుకని చెనిక్కాయల లారీ మాట్లాడుకుని, వెనక గోతాలు పరుచుకుని, తెల్లచీరలు కట్టుకున్న జేజీ తోడికోడళ్ళూ, వాళ్ళ వెంట మేమందరం పొద్దున్నే బయలుదేరాం. జేజి డ్రైవరు వెనక నిలబడి దారంతా ప్లాస్టరు మీద చెయ్యి తీయలేదు. గాలికి ఎగిరిపోతుందని భయం. ఎగిరిపోతే బాప్తిస్మం పోతుంది, బాప్తిస్మం పోతే తాత పక్కన జాగా పోతుంది. ఆమె ఆ చిన్న ముక్కని పట్టుకోవడం చూసి ఆ రోజు నాకు హాస్యం రాలేదు.

చెరువులో నీళ్ళు బాగానే ఉన్నాయి. అంత నీళ్ళు ఒకేచోట చూసి మా వాళ్ళు దేవుణ్ణి కూడా కాసేపు మర్చిపోయారు. అయ్యగారు అప్పటికే నడుములోతు నీళ్ళలో ఉన్నారు. గట్టున అన్ని సంఘాలవాళ్ళూ వరసలో నిలబడ్డారు. టౌను సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, బూడిదరంగు సఫారీ సూటు, జేబులో పెన్నులు, వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. తాయెత్తులుంటే తీయిస్తున్నాడు, గాజులు విప్పిస్తున్నాడు. మా మామకి అన్న లాంటివాడు టౌనులో కూడా ఉన్నాడన్నమాట అనుకున్నాను.

జేజి దగ్గర ఆగాడు. “ఏం దెబ్బమ్మా ఇది?”

జేజి మామ వైపు చూసింది. మామ నేల వైపు చూశాడు. జేజికి అబద్ధాలు చాలా వచ్చు గానీ నీళ్ళ ముందు నిలబడి చెప్పబుద్ధి కాలేదేమో. “చిన్నప్పుడు తగిలింది సామీ” అంది.

“చిన్నప్పటిది ఇంకా మానలేదా?” అని ఆయన వంగి చూశాడు. “ఇంత పుండు పెట్టుకుని చెరువు నీళ్ళలో దిగితే చీము పట్టదూ? ఈమెను పక్కన కూర్చోబెట్టండి. మానాక వచ్చే ఏడాది చూద్దాం.”

లోపలికి పోనివ్వడానికి వేసిన ప్లాస్టరు ఆమెని బయట నిలబెట్టింది. జేజి పక్కకి జరగలేదు. “వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో సామీ” అని మాత్రం అంది. గొంతు పెంచలేదు.

మామ ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. సఫారీ సూటు ముందు ఇస్త్రీ పంచె ఏం మాట్లాడుతుంది? సరే సార్ అంటాడు, వచ్చే ఏడాది తీసుకొస్తాంలే అంటాడు. ఆయన్ని ఇంటిదాకా లారీలో ఏమేమనాలో అప్పుడే మనసులో వరసగా పెట్టుకున్నాను. మంచి మాటలు. ఒకదాన్ని మించిన మాట ఇంకొకటి.

అవన్నీ వృథా అయ్యాయి. మామ ముందుకొచ్చి, జేజి గడ్డం పట్టుకుని, గోటితో ప్లాస్టరు అంచు లేపాడు.

“మెల్లగప్పా, తోలు నాది” అంది జేజి.

ఆయన మెల్లగానే పీకాడు. దాని కింద చర్మం తెల్లగా పాలిపోయి, మధ్యలో ఆకుపచ్చ చుక్క ఇంకా గట్టిగా కనిపించింది.

“పుండు కాదు సార్. పచ్చబొట్టు. పసిపిల్లప్పుడు పొడిచినారు. దాని మింద ప్లాస్టరు ఏయించింది నేను.”

పెద్దమనిషి వెనక్కి జరిగాడు. “బొట్టుతో ఎట్లా దింపుతారండీ?”

“ఆ బొట్టు దేవునికి అడ్డమైతే ఆయన్నే చెప్పమనండి సార్. మేము పోతాండాం” అని మామ జేజి చెయ్యి పట్టుకున్నాడు.

పంచె పైకి కట్టుకోవడం కూడా మర్చిపోయాడు. అట్లాగే దిగాడు. చెరువు అడుగు బురద లేచి, ఆ తెల్లటి పంచె, తర్వాత చొక్కా, ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. అయ్యగారు జేజిని చూసి, బొట్టుని చూసి, మామ బట్టలు చూసి, ఏమీ అడగకుండా అడగాల్సింది మాత్రం అడిగారు. నీవు ప్రభువును నమ్ముచున్నావా అని.

“నమ్మకుంటే ఇంత దూరం లారీలో ఎందుకొస్తా నాయనా?” అంది జేజి.

ఆమెని ముంచారు. లేచేసరికి ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గుతూ, తుమ్ముతూ, మామ భుజం పట్టుకుని నిలబడింది. గట్టున అందరూ చూస్తూ ఉండిపోయారు. మామ నీళ్ళలోనుంచే నా వైపు తిరిగాడు. “ఏం చూస్తాండావురా, డోలక్ కొట్టు” అన్నాడు. కొట్టాను. తోడికోడళ్ళు ఉత్త నుదుళ్ళతో ఆమె వెనకే దిగారు.

తర్వాతి ఆదివారం నుంచి మామ గుమ్మం దగ్గర నిలబడటం మానేశాడని చెప్పను. నిలబడ్డాడు. నా ప్యాంటుని తిట్టాడు కూడా. కాకపోతే నుదుటి దాకా చూపు ఎత్తేవాడు కాదు.

జేజికి మాత్రం ఆయన్ని వదిలిపెట్టే ఉద్దేశం లేదు. బాప్తిస్మం అయిన వారంలోనే జాగా చూపించమని సమాధుల తోటకి లాక్కుపోయింది. గడ్డపార మామ భుజాన, నేను తోడు. తాత సమాధికి కుడివైపు నేల మెత్తగా ఉందని మామ గడ్డపారతో గుచ్చి చూపించాడు. ఎడమవైపు అంతా బండ. ఇక్కడైతే తవ్వేవాళ్ళకి సులువు అత్తా అని చెప్పాడు.

జేజి రెండు వైపులా తిరిగి చూసింది. ఇల్లు కొనేవాళ్ళు కూడా అంత చూడరు.

“ఈ పక్క వద్దప్పా. ఆ పక్క తవ్వండి.”

“ఆడ బండ ఉండాది గదా అత్తా. ఈ పక్క ఏమి తక్కువ?”

“ఆయప్పకు కుడి చెవి వినపడదు” అంది జేజి. “ఈ పక్క పండుకుంటే నేను చెప్పేది ఒక్కటీ ఎక్కదు.”

మామ ఆమెనీ బండనీ చూశాడు. ఆకాశం వైపు కూడా ఒకసారి చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, గడ్డపార ఎత్తుకుని ఎడమవైపుకి నడిచాడు.